మూగబోయిన కిరీటం

తుది అంకానికి అయిదుగురు మిగిలారని వ్యాఖ్యాత చెప్పగానే పందిట్లో జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఆదివారం పదకొండు గంటల ఎండ విశాఖ తీరాన్ని మాడ్చేస్తోంది. వేదిక వెనక అద్దాల గదిలో ఏసీ చల్లగానే ఉంది గానీ సౌగంధి వీపంతా చెమటతో తడిసిపోయింది. ఆ అయిదుగురిలో నాలుగో అమ్మాయి ఆమె చెల్లెలు కిన్నెర.

చెల్లెలు పోటీలో ఉండగా అక్క యంత్రం దగ్గర కూర్చోవచ్చా అని పత్రికలవాళ్లు అడక్కపోలేదు. ‘తీరాంధ్ర సుందరి’ పోటీ నడిపే భానోజీ గారు నవ్వుతూ తోసిపారేశారు. "యంత్రం జనానిదండీ. ఈవిడ దానికి కాపలా మనిషి, అంతే" అన్నారు. పదేళ్లు తిండీ నిద్రా మాని ఆ యంత్రాన్ని తయారు చేసిన మనిషికి ఇంతకంటే గొప్ప సన్మానం ఎవరు చెయ్యగలరు!

దాని పేరు జనశ్రుతి. రాష్ట్రమంతటా ముప్ఫైవేల మంది ముంజేతులకి సన్నటి కడియాలున్నాయి. వేదికమీద పిల్ల ఒక మాట అనగానే వీళ్ల నాడీ ఊపిరీ ఆ మాటని ఒప్పుకున్నాయో లేదో కడియాలు పసిగట్టేస్తాయి. ఆ సారమంతా అమ్మాయి కిరీటం కిందున్న పట్టీకి చేరుతుంది. జనానికి నచ్చిన మాటైతే కణతలకి వెచ్చగా తగులుతుంది, నచ్చకపోతే చల్లగా గిచ్చుతుంది. ఆరువారాల శిక్షణలో అమ్మాయిలు నేర్చుకునేది ఒక్కటే, వెచ్చదనం ఎటుంటే మాటని అటు తిప్పుకోవడం.

ఒకప్పుడు సుందరీమణులు నోటికొచ్చిన సొంత అభిప్రాయం చెప్పేసి, మర్నాటికల్లా దిష్టిబొమ్మలై తగలబడేవారు. జనశ్రుతి వచ్చాక ఆ బాధ తప్పింది. గెలిచిన పిల్ల ఏడాదిపాటు జనానికి ప్రతినిధి. ఆస్పత్రులు ప్రారంభిస్తుంది, కమిటీల ముందు మాట్లాడుతుంది. ఆమె నోట వచ్చినది ముప్ఫైవేల మంది నాడి కాబట్టి సర్కారు కూడా దానికి బొట్టుపెట్టి మరీ విలువిస్తుంది.

మూడో అమ్మాయిని చేపల వేట నిషేధం గురించి అడిగారు. "నిషేధం మంచిదే" అని మొదలుపెట్టింది. ఆ పిల్ల కనురెప్ప చిన్నగా వణకడం సౌగంధి తెరమీద చూసింది. చల్లదనం తగిలిందన్నమాట. పిల్ల గుక్క తిప్పుకోకుండా "మంచిదే అనుకుంటాం, కానీ గంగపుత్రుల పొయ్యి వెలగాలి కదా" అనేసింది. పందిరి హోరెత్తిపోయింది.

తర్వాత కిన్నెర వచ్చింది. న్యాయనిర్ణేత చీటీ విప్పి చదివాడు.

"ఇద్దరాడవాళ్లు గానీ ఇద్దరు మగవాళ్లు గానీ పెళ్లి చేసుకోవడాన్ని చట్టం ఒప్పుకోవాలా?"

ఆ చట్టం ముసాయిదా ఇప్పుడు కమిటీ ముందుంది. అది గట్టెక్కితే వచ్చే నెలలో తాళి కట్టించుకోవాలో ఉంగరాలు మార్చుకోవాలో తేలక సౌగంధి ఇంట్లో రోజూ తగువే. ఎనిమిదేళ్లుగా ఆమె భీమిలిలో సలోమితో కలిసి ఉంటోంది. సలోమి వేట పడవల ఇంజన్లు బాగుచేస్తుంది. ఈ ఎనిమిదేళ్లలో అమ్మ పైడమ్మ ఆ ఇంటి గడప తొక్కలేదు. కిన్నెర రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ గుమ్మంలోంచే వెళ్లిపోయింది.

నాన్న పోయాక కిన్నెరని చంకనేసుకుని పెంచింది సౌగంధే. ఆ నాన్న పద్యనాటకాల్లో తెర పక్కన పుస్తకం పట్టుకుని మాట అందించేవాడు. "వేషగాడు దిక్కులు సూసినంతనే అందించకూడదమ్మా. కాసేపు ఆగాల. అప్పుడే ఆడి లోపల్నించి మాట వస్తాది" అని చెప్పేవాడు. ఆలోచించి చేసిందో, చెయ్యి దానంతటదే కదిలిందో గానీ, సౌగంధి యంత్రం మీట తిప్పేసింది. కిన్నెర కణతల దగ్గర పట్టీ చచ్చిపోయింది. ఇప్పుడు నా చెల్లెలు తన మాట చెబుతుంది అనుకుంది.

కిన్నెర నవ్వు ఒక్క క్షణం చెదిరింది. చెయ్యి కిరీటం దాకా వెళ్లి ఆగింది. తర్వాత గడ్డం ఎత్తి గలగలా చెప్పేసింది.

"పెళ్లంటే గుండీ, కాజా అండీ. గుండీ ఒక పక్కుండాలి, కాజా ఒక పక్కుండాలి. రెండు పక్కలా గుండీలే కుట్టుకుంటే చొక్కా గాలికి ఎగరాల్సిందే. ఎవరి ఇష్టం వాళ్లది, కాదనను. కానీ దాన్ని పెళ్లి అనకండి."

పందిరి ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వి, విరగబడి చప్పట్లు కొట్టింది. సౌగంధి కళ్లు మూసుకుని మీట మళ్లీ వెనక్కి తిప్పింది. మొత్తం ఇరవై రెండు సెకన్లు. మధ్యాహ్నం ఒంటిగంటకి కిన్నెర నెత్తిన కిరీటం పెట్టారు.

*

సోమవారం పొద్దున ల్యాబులో సౌగంధి ఆ ఇరవై రెండు సెకన్లనీ తెరమీద పరిచి చూసింది. పట్టీకి వెళ్లే దారిని మూసింది గానీ, కడియాలు తమ పని మానలేదు. చూస్తూ చూస్తూ ఆమె కుర్చీలో ముందుకి వంగింది.

ప్రశ్న విన్నప్పుడు ముప్ఫైవేల మందీ వేడెక్కలేదు, చల్లబడలేదు. తెరమీది ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడి కొట్టుకుంటోంది. జనం ఇంకా ఏమీ అనుకోలేదు, ఎవరైనా ముందు అంటారేమో చూద్దామని కూర్చున్నారు. కిన్నెర నోట గుండీ కాజా మాట వచ్చి, పందిట్లో నవ్వు లేచాకే ముల్లు కదిలింది. ఒక్కొక్క జిల్లా వరసగా ఆ మాట వెనకాల నడిచి వెచ్చబడింది. పిల్లేమో జనం కోసం చూసింది, జనమేమో పిల్ల కోసం చూశారు. ఈ యంత్రం ఆరేళ్లుగా ఏం కొలిచిందో సౌగంధికి అప్పుడు తెలిసొచ్చింది.

భానోజీ గారు ఫోన్ చేశారు. గొంతులో సంబరం పట్టలేకుండా ఉన్నారు.

"శుక్రవారం కమిటీ విచారణ మన విశాఖలోనేనమ్మా. చెల్లిని పిలిచారు. కిరీటం పెట్టుకుని, నిన్న చెప్పిన మాట జనం మాటేనని ఒక్కసారి చెప్పేస్తే రాసేసుకుంటారు. మీరే యంత్రం చూసుకోవాలి."

"రాసుకుంటే ఏమవుతుందండీ?"

"ముసాయిదా పక్కన పడేస్తారు. జనం వద్దన్నాక ఎవరు నెత్తికెత్తుకుంటారు చెప్పండి?"

*

విజయనగరంలో పైడమ్మ టైలరింగ్ షాపు ముందు పెళ్లివారిల్లులా ఉంది. వచ్చినవాళ్లకల్లా మిఠాయి పెడుతోంది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. పెద్దకూతుర్ని చూసి మొహం ఇంత చేసుకుని లోపలికి లాక్కుపోయింది.

"సూసినావా? ఎనిమిదేళ్లు నాను మొత్తుకుంటే నీ సెవికెక్కనేదు. ఇప్పుడు రాష్ట్రం రాష్ట్రమంతా అదే మాటంది. నా మాట, జనం మాట ఒకటే అయిందే!"

గుండీ కాజా మాట పైడమ్మదే. సౌగంధి సలోమి సంగతి చెప్పిననాడు మిషను ఆపి మొదటిసారి అంది. తర్వాత కాజాలు తీస్తూ, గుండీలు కుడుతూ, వచ్చినవాళ్లతోనూ రానివాళ్లతోనూ అంటూనే ఉంది. ఆ మిషను పక్కనే బడి పుస్తకాలు ముందేసుకుని కిన్నెర పెరిగింది. నాన్న అందించిన నటులకి పాఠమంతా ముందే కంఠతా వచ్చు, అందుకే ఆయన కాసేపు ఆగినా సొంతంగా అందుకునేవాళ్లు. కిన్నెరకి ఎవరూ ఏ పాఠమూ చెప్పలేదు. అందించే గొంతు ఆగిపోయేసరికి, చెవిలో మోగుతున్న అమ్మ మాట ఒక్కటే అందింది. ఇంత చిన్న సంగతి ఊహించనందుకు సౌగంధికి తనమీద తనకే అసహ్యం వేసింది.

కిన్నెర స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి అక్కని వాటేసుకుంది.

"నామీద కోపమొచ్చిందా అప్పా? నేననలేదు కదా, జనం అన్నారు. నేనేం చేస్తాను చెప్పు?"

"ఆ మాట అనే ముందు నీకు వెచ్చగా తగిలిందా?"

"మొదట ఏమీ లేదు. భయమేసింది. తర్వాత అమ్మ మాట గుర్తొచ్చింది, గుర్తురాగానే ఇక్కడ వెచ్చగా తగిలింది" అని కణత చూపించింది. "ఒట్టు అప్పా. అంత వెచ్చగా ఎప్పుడూ లేదు."

పట్టీ చచ్చిపడి ఉన్నప్పుడు ఆ పిల్ల ఒళ్లు తనంతట తనే వేడి పుట్టించుకుంది. ఆరువారాల్లో అంతగా అలవాటు పడిపోయింది. ఇక మీదట ఆ కణతలకి ఏది జనం వేడో, ఏది ఒంటి వేడో ఎలా తెలుస్తుంది? తన చేతులతో పెంచిన పిల్లని తన చేతులతోనే ఇలా చేసింది.

*

సలోమి అంతా విని, ఇంజను నూనె చేతుల్ని పాతగుడ్డకి తుడుచుకుంది.

"ఆ పిల్లన్న మాటకి నాకేటి బాధనేదు. అంతకన్నా పెద్దమాటలే హార్బర్లో రోజూ ఇంటాను. నువ్వు సేసిన పనే నాకు మింగుడు పడట్లేదు. ఆ గుంటని అడిగే ఆపినావా?"

"అడగలేదు."

"మరింకేటి? అందరూ కలిసి ఆ పిల్ల నోట్లో మాట ఎట్టినారు. నువ్వేమో సెప్పాపెట్టకుండా తీసేసినావు. నీకూ ఆళ్లకీ తేడా ఏటి?"

"శుక్రవారం నేను లేచి చెప్పేస్తాను."

"సెప్పు. కానీ ముందు దానికి సెప్పు."

*

గురువారం మధ్యాహ్నం ల్యాబులో సౌగంధి తలుపు గడియ పెట్టి, తెరమీద ఇరవై రెండు సెకన్లూ చూపించింది. కిన్నెర మొదట నవ్వింది. తర్వాత రెండోసారి వేయించుకుని చూసింది. మూడోసారికి మొహం పాలిపోయింది.

"నువ్వు ఆపేశావా?"

"నేనే ఆపాను."

"అంతమంది ముందు నన్నొక్కదాన్నీ వదిలేశావా అప్పా? ఈత రానిదాన్ని సముద్రంలోకి తోసినట్టు?"

"నీ మాట వినాలనిపించిందే. తప్పు చేశాను."

"నీకు కావలసిన మాట వినాలనిపించింది! నేను నీ వైపు మాట్లాడతాననుకున్నావు. మాట్లాడలేదు. అందుకే ఇప్పుడు నాకిది చూపిస్తున్నావు." కిన్నెర లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఆ మాటలో నిజముంది కాబట్టే సౌగంధికి సూటిగా తగిలింది. "పట్టీ లేకుండా చెప్పిన జవాబు చెల్లదని రూల్సులో ఉంది కదా? ఇది బయటికొస్తే నా కిరీటం పోతుంది."

"పోతుంది. నా ఉద్యోగం కూడా పోతుంది."

"నీ ఉద్యోగం నువ్వు పోగొట్టుకున్నావు. నేనేం చేశానని?" కిన్నెర ఆగింది. గొంతు తగ్గించి అడిగింది. "అప్పా, అయితే ఆ మాట ఎవరిది?"

"జనానిది కాదు. జనం ఇంకా ఏమీ అనుకోలేదు. నువ్వు అన్నాకే అనుకున్నారు. అమ్మ మాట అది. నీ నోట వచ్చింది."

"అంటే నాది."

"నీదే."

కిన్నెర తెర ఆపేసింది. "ఎవ్వరితోనూ అనకు" అంది.

"రేపు అది జనం మాటని రాసేసుకుంటారు కిన్నెరా. ఎన్ని ఇళ్లు ఆ చట్టం కోసం ఎదురు చూస్తున్నాయో నీకు తెలీదు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాలి."

"చెప్తే నువ్వు నాకు అప్పవి కావు" అనేసి కిన్నెర గడియ తీసుకుని వెళ్లిపోయింది.

*

విచారణ హాలు కిక్కిరిసిపోయింది. ఒక పక్క ఇంద్రధనుస్సు కండువాల వాళ్లు, ఇంకో పక్క గుండీ కాజా బొమ్మ అచ్చేసిన టీషర్టుల వాళ్లు. ఆ టీషర్టులు నాలుగు రోజుల్లో ఎక్కడ కుట్టించారో దేవుడికే తెలియాలి. పైడమ్మ ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. సలోమి బయట వ్యాన్లోనే ఉండిపోయింది.

సౌగంధి యంత్రం ముందు కూర్చుంది. ఈసారి ఆమె వెనక భానోజీ గారి మనుషులిద్దరు నిలబడ్డారు. ఆ రోజు పట్టీ ఆపింది తనేనని సంతకం చేసిన కాగితం ఆమె సంచిలో ఉంది. చెల్లెలు అవునంటే లేచి అది చదవాలని, లేకపోతే తన మొహం తను చూసుకోలేనని నిర్ణయించుకుంది. చదివితే ఇరవై ఒక్కేళ్లు పెంచిన పిల్ల పోతుంది.

కమిటీ అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. కళ్లజోడు సవరించుకుని మెత్తగానే అడిగింది.

"చూడమ్మా, ఆ రోజు నువ్వు చెప్పింది జనం మాటేనని రాసుకోమంటావా?"

కిన్నెర నోరు తెరవకముందే ముల్లు వేడివైపు ఎగబాకింది. అయిదు రోజులుగా రాష్ట్రమంతా అదే మాట అనుకుంటూ వచ్చింది కాబట్టి ముప్ఫైవేల మందికీ ఇప్పుడు అదే కావాలి. సౌగంధి జీవితంలో చూడనంత వేడి. చలిలో ఉన్న మనిషికి కుంపటి దగ్గరికి రమ్మన్నట్టు పిలుస్తోంది. కిన్నెర కళ్లు సగం మూతపడ్డాయి. మొహంలోకి నవ్వు దానంతటదే వచ్చేసింది.

"అవు..." అంది.

సౌగంధి కుర్చీలోంచి లేచింది. వెనకున్న మనిషి భుజంమీద చెయ్యేశాడు. కిన్నెర అక్కవైపు చూసింది. భయంగా చూసింది.

"చాలా వెచ్చగా ఉందండీ" అంది అధ్యక్షురాలితో. "అవునని చెప్పమంటున్నారు. అందరూ అదే అంటున్నారు. చెప్పేస్తే హాయిగా ఉంటుంది." ఒక్క గుక్క నీళ్లు తాగింది. "కానీ ఆ రోజు పట్టీ పనిచెయ్యలేదండీ. ఆ మాట జనానిది కాదు. రాసుకోకండి."

హాల్లో గగ్గోలు లేచింది. ముల్లు ఒక్కసారిగా రెండో కొసకి పడిపోయింది. కిన్నెర భుజాలు దగ్గరికి ముడుచుకుంది. పళ్లు కటకటలాడుతున్నాయి, పెదాలు రంగు మారాయి. సౌగంధి చెయ్యి మీటవైపు వెళ్లింది. ఆ చలి ఎంత గిచ్చుతుందో ఆమెకంటే ఎవరికి తెలుసు? కానీ ఈసారి అడగకుండా ఆపకూడదు. దూరంనుంచే చేత్తో సైగచేసి, ఆపమంటావా అని అడిగింది. కిన్నెర తల అడ్డంగా ఊపింది.

"మరి ఎవరి మాటమ్మా?" అంది అధ్యక్షురాలు.

"మా అమ్మ నోట విన్నదండీ. నేనన్నాను కాబట్టి ఇప్పుడు నాది."

ముందు వరసలో పైడమ్మ లేచి నిలబడింది. "ఇంట్లో అనుకున్న మాటని ఇంతమందిలో ఎడతావేటే!" అని అరిచింది. తర్వాత చుట్టూ చూసి, తన మాట అచ్చేసుకున్న టీషర్టులు చూసి, కూలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీ నీ ఉద్దేశం ఏమిటో చెప్పు. ఆ చట్టం రావాలంటావా, వద్దంటావా?"

కిన్నెర వణుకుతూనే ఆలోచించింది. హాలంతా ఎదురు చూసింది. కడియాలున్న ముప్ఫైవేల మందీ ఎదురు చూశారు.

"నాకింకా తెలీదండీ" అంది. "ఇప్పటిదాకా ఆలోచించే పని పడలేదు. కొంచెం అమ్మన్నట్టే అనిపిస్తోంది. కొంచెం అనిపించట్లేదు. తెలిసినరోజున ముందు మా అప్పకి చెబుతాను. తర్వాత మీకు."

*

కారిడార్లోనే భానోజీ గారు కిరీటం పట్టుకుపోయారు. సౌగంధి మెడలోని కార్డు కూడా అడిగి తీసుకున్నారు. కమిటీ ఆ సాక్ష్యాన్ని కొట్టేసి విచారణ వాయిదా వేసింది. ముసాయిదా గట్టెక్కుతుందో లేదో ఎవరికీ తెలియదు. కిన్నెర నుదుటికి అటూ ఇటూ కమిలిన మచ్చలు తేలాయి.

"తీసేసినా ఇంకా చల్లగానే ఉందప్పా."

సౌగంధి రెండు అరచేతులూ వాటిమీద ఆనించింది. "తగ్గుతుందో లేదో నాకు తెలీదే" అంది నిజంగానే. అనేసి బోరున ఏడ్చింది. కిన్నెర ఏడవలేదు. అక్క ఏడుపు ఆగేదాకా మెట్లమీద అలాగే నిలబడింది.

గేటు దగ్గర వ్యాను పక్కన సలోమి నిలబడి వీళ్లకేసి చూస్తోంది. దగ్గరికి రావాలో వద్దో తేల్చుకోలేక రెండడుగులు వేసి ఆగిపోయింది.

"అప్పా, ఆవిడ్ని నేనేమని పిలవాలి?"

అక్క మొగుడైతే బావ. అన్న పెళ్లామైతే వదిన. ఎనిమిదేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"నన్నడిగితే ఏం లాభం? ఆవిడ్నే అడుగు."

కిన్నెర మెట్లు దిగి వెళ్లింది. సౌగంధి నాలుగడుగులు వెనకే నడిచింది.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగింది కిన్నెర.

సలోమి ఆ కమిలిన కణతల్ని చూసింది.

"మా పెళ్లికి వస్తావేటి?"

"ఇంకా తెలీదు."

"అయితే పేరెట్టి పిలు. వచ్చిననాడు సూద్దాం" అని సలోమి వ్యాను తలుపు తీసింది.